సెక్టారు లోపలా, బయటా: చండీగఢ్‌పై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చండీగఢ్ నగర నిర్మాణం మీద వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఎంచి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఆ ఊరిని పెద్ద రోడ్లతో గళ్లుగా కోశారు; ఒక్కో గడినే సెక్టారు అంటారు. పేరున్న కట్టడాల కంటే కొలతల గురించే ఎక్కువమంది అడగడం మాకెంతో సంతోషం కలిగించింది. ఆ ఊరి బలమూ బలహీనతా రెండూ కొలతల్లోనే ఉన్నాయి.

ప్రశ్న: ప్రతి సెక్టారూ 800 మీటర్లు, 1,200 మీటర్లు అంటారు. ఈ అంకెలే ఎందుకు?

అవి మైళ్ల లెక్కలో పుట్టిన అంకెలు: అర మైలు ఒక వైపు, ముప్పావు మైలు ఇంకో వైపు. వైశాల్యం 96 హెక్టార్లు, అంటే సుమారు 237 ఎకరాలు. దీని వెనుక ఉన్నది మనిషి నడక. నిమిషానికి 80 మీటర్ల చొప్పున నడిచేవాళ్లు సెక్టారు నడిబొడ్డు నుంచి దూరపు అంచుకు, 600 మీటర్లు, ఏడెనిమిది నిమిషాల్లో చేరతారు. బడి, దవాఖానా, పచారీ కొట్టు ఆ నడి భాగంలో పెడితే బడికెళ్లే పిల్లలు వేగంగా బళ్లు పోయే రోడ్డును ఒక్కసారి కూడా దాటనక్కర్లేదు. ఇళ్ల ముఖాలు లోపలికి, వీపులు పెద్ద రోడ్డుకు. పెద్ద రోడ్డు నుంచి లోపలికి దారులు నాలుగే.

ఈ ఆలోచన ఒక్కరిది కాదు. దేశ విభజనలో లాహోరు పాకిస్తాన్‌కు పోయాక పంజాబుకు రాజధాని కావలసి వచ్చింది. మొదటి ప్రణాళిక అమెరికన్ ప్లానర్ ఆల్బర్ట్ మేయర్, పోలండ్‌లో పుట్టిన ఆర్కిటెక్టు మాథ్యూ నొవిట్స్కీ గీశారు. అందులో వీధులు వంపు తిరిగి విసనకర్రలా విచ్చుకునేవి. 1950 ఆగస్టులో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో చనిపోవడంతో పని ఆగింది. 1951లో వచ్చిన స్విస్-ఫ్రెంచి ఆర్కిటెక్టు లె కార్బుసియే ఆ వంపులను నిటారు చేసి గళ్లుగా మార్చాడు. కానీ తన అవసరాలు తనలోనే తీర్చుకునే పేట అన్న మేయర్ మూలసూత్రాన్ని వదిలిపెట్టలేదు. మొదట కట్టి జనం చేరిన సెక్టారు 22. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇప్పటికీ అక్కడికే వెళ్లాలి.

మరి లోపం ఎక్కడుంది? గడి కొలత ఒకటే అయినా జనం ఒకటి కారు. ఉత్తరాన కొండల వైపు సెక్టార్లలో పెద్ద పెద్ద స్థలాలు, తక్కువ మంది. దక్షిణానికి పోయేకొద్దీ చిన్న స్థలాలు, కిక్కిరిసిన ఇళ్లు. 237 ఎకరాల్లో కొన్నిచోట్ల కొన్ని వేలమందే ఉంటే, మరికొన్నిచోట్ల 20 వేల దాకా ఉండేలా ముందే లెక్కవేశారు. కాబట్టి ఉత్తరాన ఉన్న బజారు వీధికి గిరాకీ చాలదు, దక్షిణాన అదే నిడివి వీధి ఊపిరాడక అల్లాడుతుంది. మీరు ఎప్పుడైనా ఇలాంటి పేట గీయవలసి వస్తే ముందు ఎందరు ఉంటారో వేసుకుని, ఆ తరవాత గడి కొలత నిర్ణయించండి.

ప్రశ్న: 'ఏడు వీ'లు అంటే ఏమిటి? ఇంత పద్ధతిగా వేసిన రోడ్లపై రౌండెబౌట్ల దగ్గర బళ్లెందుకు బారులు తీరుతున్నాయి?

రోడ్లను వేగాన్ని బట్టి ఏడు మెట్లుగా విడదీశారు. వీ-1 బయటి ఊళ్ల నుంచి వచ్చే రహదారి. వీ-2 నగరంలోని ప్రధాన వీధులు. జన్ మార్గ్, మధ్య మార్గ్ ఇలాంటివే. వీ-3 సెక్టారు చుట్టూ తిరిగే వేగపు రోడ్డు. వీ-4 సెక్టారును అడ్డంగా కోస్తూ పోయే బజారు వీధి. వీ-5 లోపల చుట్టివచ్చే రోడ్డు, వీ-6 ఇంటి గుమ్మం దాకా వచ్చే సందు. వీ-7 పచ్చని పట్టీలో నడిచేవాళ్ల దారి. ఇది ఒక సెక్టారు నుంచి ఇంకో సెక్టారుకు కొండల దిక్కుగా సాగిపోతుంది. సైకిళ్ల కోసం వీ-8 తరవాత చేర్చారు.

ఈ ఏడింటిలో జాగ్రత్తగా చూడదగ్గది వీ-4. కొట్లన్నీ ఒకే పక్క, అదీ నీడ పడే పక్క. సరుకులు కొనేవాళ్లు రోడ్డు దాటనక్కర్లేదు, ఎండలో నిలబడనక్కర్లేదు. పక్క సెక్టారు వీ-4తో కలుస్తుంది కాబట్టి బజారు తెగిపోదు. వీధిని కావాలనే కాస్త వంచారు, బళ్ల వేగం తగ్గుతుందని.

ఇక రౌండెబౌట్ల సంగతి. మన పద్ధతిలో ఎడమపక్క నడిపే బండి వలయంలో గడియారపు ముల్లులా తిరుగుతుంది. ఎడమకు తిరిగే బండికి పావు చుట్టు, నేరుగా పోయేదానికి అర చుట్టు, కుడికి తిరిగేదానికి ముప్పావు చుట్టు. అంటే కుడికి తిరిగే ఒక్కో బండీ ఇంకో రెండు దారుల ముందు నుంచి పోతుంది, ఆ దారులవాళ్లు ఆగాలి. పొద్దుటి వేళ ఒకే దిక్కు నుంచి కుడి తిరుగుళ్లు ఎక్కువైతే తరవాతి దారిలో బళ్లకు సందు దొరకదు. వలయం పెద్దదిగా ఉన్నా, చక్కగా ఉన్నా ఈ అసమతూకాన్ని తీర్చలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976 నాటి మార్గదర్శకం అన్ని దారులూ కలిపి గంటకు సుమారు 3,000 బళ్లనే రోటరీ, అంటే రౌండెబౌట్, సవ్యంగా మొయ్యగల గరిష్ఠ పరిమితిగా చెప్పింది. అది దాటితే సిగ్నలు కావాల్సిందే. ఐదు లక్షల జనాభాకు ఉద్దేశించిన ఊళ్లో 2011 జనగణన నాటికి 10.55 లక్షల మంది ఉన్నారు. వాళ్లు కార్లకు అలవాటు పడ్డారు కూడా.

ఇంకో లోపం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, పడేవాళ్లు ఎక్కువ. వీ-3 వెంట ఇళ్ల ముఖాలు లేవు, గోడలూ చెట్లూ మాత్రమే. బస్సు ఆగేది ఆ రోడ్డు మీదే. దిగినవాళ్లు ఖాళీ గోడ పక్కన నడుచుకుంటూ లోపలికి పోయే దారిని వెతుక్కోవాలి. రాత్రిపూట ఆడవాళ్లకు ఆ నడక ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. బస్టాపులను సెక్టారు ప్రవేశాల దగ్గరకు జరిపి, అక్కడి గోడలో మనిషి పట్టేంత దారులు తెరవడం పెద్ద ఖర్చులేని మార్పు. బండ్లకు నాలుగు దారులు చాలు, నడిచేవాళ్లకు చాలవు.

ప్రశ్న: సెక్టారు 13 నిజంగానే లేదా?

మొదటి ప్రణాళికలో లేదు. ఆ అంకెను వదిలేశారు. 2020లో నగరం అంచున ఉన్న పాత ఊరు మణిమాజ్రాకు ఆ పేరు పెట్టారు. విచిత్రమేమంటే, అంకె లేకపోయినా లెక్కలో ఉంది: తొలి దశలో (1 నుంచి 30 దాకా) కొండల వైపు నుంచి కిందికి వరసగా ఉన్న రెండు సెక్టార్ల అంకెలు కలపండి. 4, 9 కలిపితే 13. 9, 17 కలిపితే 26. 17, 22 కలిపితే 39. అన్నీ 13 గుణిజాలే.

ప్రశ్న: సచివాలయం ముఖం మీద కనిపించే కాంక్రీటు ఎండ పలకలను నా ఆర్కిటెక్చర్ ప్రాజెక్టులో, చండీగఢ్‌లోనే కట్టే రెండంతస్తుల భవనానికి వాడాలనుకుంటున్నాను. ఎంత లోతు పెట్టాలి?

వాటిని ఫ్రెంచి మాటతో బ్రీజ్ సొలీ అంటారు. 254 మీటర్ల పొడవైన సచివాలయానికి అవి అందాన్నిచ్చాయి, నిజమే. మీరు మాత్రం బొమ్మతో మొదలుపెట్టకండి, సూర్యుడి ఎత్తుతో మొదలుపెట్టండి. చండీగఢ్ అక్షాంశం 30.7 డిగ్రీలు. మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు జూన్ 21న 82.7 డిగ్రీలు, పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో 59.3, డిసెంబరు 21న 35.9.

దక్షిణపు గోడలో కిటికీ 1.5 మీటర్ల ఎత్తుందనుకోండి. కిటికీ ఎత్తును సూర్యుడి ఎత్తు తాలూకు టాన్ విలువతో భాగిస్తే సజ్జా లోతు వస్తుంది. జూన్‌లో 19 సెంటీమీటర్లు చాలు. విషువత్తు నాటికి 89 కావాలి. మధ్యస్థంగా 60 సెంటీమీటర్లు పెడితే ఏప్రిల్ నడిమి నుంచి ఆగస్టు చివరి దాకా మధ్యాహ్నపు ఎండ కిటికీని తాకదు. అదే సజ్జా డిసెంబరులో కిటికీ పైభాగాన 43 సెంటీమీటర్లు మాత్రమే నీడ వేస్తుంది, మిగతా మీటరు పైచిలుకు అద్దంలోంచి వెచ్చటి ఎండ లోపలికి వస్తుంది. ఆ ఊరి చలికాలానికి అది కావలసిందే. సజ్జాను కిటికీ వెడల్పుకు సరిగ్గా కోసేస్తే పక్కల నుంచి ఎండ దూరుతుంది కాబట్టి అటూ ఇటూ కనీసం అరమీటరు పొడిగించండి.

పడమటి గోడకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ సూర్యుడు కిందికి దిగి ఎదురుగా వస్తాడు, సజ్జా ఎంత లోతున్నా వృథా. నిలువు పలకలు కావాలి, గోడకు నిటారుగా కాక ఏటవాలుగా. ఏ వైపు? చండీగఢ్‌లో జూన్ మధ్యాహ్నం మూడుంపావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమరకు వచ్చి, ఆ తరవాత వాయవ్యానికి జరుగుతాడు. కనుక పలకలు వాయవ్యాన్ని మూసి నైరుతికి తెరుచుకునేలా తిప్పాలి. చలికాలపు సాయంత్రం సూర్యుడు నైరుతిలోనే ఉంటాడు, కాబట్టి అప్పుడు వెలుగు పోదు.

నగరం గళ్లు సరిగ్గా ఉత్తర దక్షిణాలకు లేవు, ఈశాన్యాన ఉన్న శివాలిక్ కొండలకు ఎదురుగా తిరిగి ఉన్నాయి. అందుకే చాలా స్థలాల్లో గోడలు ఆగ్నేయానికో నైరుతికో వస్తాయి. అలాంటప్పుడు అడ్డం, నిలువు రెండూ కలిపి గూళ్లలా చెయ్యాలి.

పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడ: మందపాటి కాంక్రీటు పలకలను గోడకు అతికించి పోస్తారు. పగలంతా కాగిన కాంక్రీటు ఆ వేడిని రాత్రిదాకా గదిలోకి వదులుతుంది. అసలు కట్టడాల మీద ఉన్న ప్రధాన విమర్శా అదే. పలకలు పల్చగా ఉండాలి, గోడకు నాలుగైదు చోట్ల మాత్రమే తాకాలి, మధ్య 5 నుంచి 10 సెంటీమీటర్ల సందు వదలాలి. వేడిగాలి ఆ సందులోంచి పైకి పోతుంది. సజ్జా అడుగున అంచుకు దగ్గరగా ఒక సన్నని గాడి తీయించండి, లేకపోతే వాన నీరు అడుగు వెంట పాకి గోడకు చేరుతుంది.

ఎండావానల సమస్య పెద్దలకూ తప్పలేదు. హైకోర్టులో ఒకటో నంబరు కోర్టు హాలు ముందు వరండా వేయమన్న ఆదేశాన్ని 2025 మేలో సుప్రీం కోర్టు సమర్థించింది. వారసత్వ కట్టడమైనా, అందులో రోజూ మనుషులు నిలబడతారు. ఆ నిర్ణయం సరైందనే మా అభిప్రాయం.

ప్రశ్న: చెక్కల అచ్చు కనిపించే పాత కాంక్రీటు పెచ్చులూడుతోంది. సిమెంటు పూస్తే సరిపోదా?

పూయకండి. పెచ్చు ఊడటం లోపలి రోగానికి పైకి కనిపించే గుర్తు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి దిగి దాని క్షారగుణాన్ని తగ్గిస్తుంది. అది చువ్వ దాకా చేరగానే ఇనుముకు రక్షణ పోయి తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటును బయటికి నెట్టేస్తుంది. ఈ దిగడం కాలానికి వర్గమూలంగా సాగుతుంది: పదేళ్లలో 10 మిల్లీమీటర్లు దిగితే నలభై ఏళ్లలో 20. కవర్, అంటే చువ్వ మీద కప్పిన కాంక్రీటు మందం, 15 మిల్లీమీటర్లే ఉన్నచోట ఇరవై రెండేళ్లకే చువ్వను తాకుతుంది. చండీగఢ్ కట్టడాలకు డెబ్భై ఏళ్లు వస్తున్నాయి, కవర్ తక్కువ పడ్డ ప్రతి మూలా ఇప్పుడు బయటపడుతుంది.

ముందు చిన్న సుత్తితో ఉపరితలమంతా తట్టి చూసి, డొల్ల మోత వచ్చిన చోట సుద్దతో గీయండి. ఒకచోట తాజాగా విరగ్గొట్టి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే అక్కడ కాంక్రీటు ఇంకా బాగుంది, రంగు రాకపోతే చెడింది. చెడిన భాగాన్ని చువ్వ వెనుక కూడా 20, 25 మిల్లీమీటర్ల దాకా తొలిచెయ్యాలి. ముందు వైపు మాత్రమే గీకి వదిలేస్తే రెండేళ్లలో అదే చోట మళ్లీ ఊడుతుంది. తుప్పును మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, మరమ్మతు మోర్టారు నింపి, తడిపి ఉంచండి.

రంగు కుదరడమే అన్నింటికన్నా కష్టం. తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక తెల్లబడుతుంది. కనబడని గోడ మీద నాలుగైదు పాళ్లలో నమూనాలు వేసి నెల రోజులు ఆరనివ్వండి. చెక్క అచ్చుకు పాత సెంట్రింగ్ పలకల వెడల్పు కొలిచి, అదే వెడల్పు గల చెక్కతో ఒత్తించాలి. మొత్తానికి పెయింటు కొట్టేయడం మాత్రం వద్దు. ఆ గరుకుదనమే ఆ భవనం చర్మం.

ప్రశ్న: చండీగఢ్ అంతా లె కార్బుసియే గీసిందేనా?

కాదు. ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు. నగర ప్రణాళిక, సచివాలయం, శాసనసభ, హైకోర్టు ఉన్న కాపిటల్ కాంప్లెక్స్ ఆయనవి. జనం బతికే ఇళ్లు, బడులు, ఆసుపత్రులు ఎక్కువగా ఆయన దాయాది పియరీ జన్నరే, ఆంగ్ల దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. ఫ్రై దంపతులు మూడేళ్లుంటే, జన్నరే 1965 దాకా ఉండిపోయాడు. ప్రభుత్వోద్యోగుల ఇళ్లను ముఖ్యమంత్రి నుంచి బంట్రోతు దాకా 13 తరగతులుగా గీశారు. ఆ చివరి తరగతి ఇటుక ఇళ్లను చూడకుండా చండీగఢ్‌ను చూశామనుకోవద్దు. తక్కువ డబ్బులో గాలి, నీడ, మరుగు ఎలా ఇవ్వొచ్చో ఆ ఇటుక జాలీలు చూపిస్తాయి.

మన వాళ్ల పేర్లు పుస్తకాల్లో కిందికి జారిపోవడం బాధాకరం. చీఫ్ ఇంజినీరు పి.ఎల్. వర్మ చోటు ఎంపిక దగ్గర్నుంచి సరస్సు దాకా నడిపించాడు. ఆదిత్య ప్రకాశ్ టాగోర్ థియేటరు, నీలం సినిమా హాలు కట్టాడు. ఊర్మిళా యూలీ చౌధురి, ఎం.ఎన్. శర్మ, జీత్ మల్హోత్రా, చెట్ల పెంపకాన్ని చూసిన ఎం.ఎస్. రంధావా, వీళ్లు లేకుండా ఆ నగరం కాగితం మీదే ఉండేది.

ప్రశ్న: అక్కడి పాత ప్రభుత్వ కుర్చీ ఒకటి కొనుక్కోవచ్చా?

జన్నరే బృందం చేయించిన టేకు, పేము కుర్చీలు విదేశీ వేలంపాటల్లో భారీ ధరలకు పోవడం మొదలయ్యాక 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాలను, ఎగుమతులను ఆపమంది. కాళ్ల మీద ఆఫీసు పేరు, నంబరు రంగుతో వేసి ఉండటం గుర్తే గాని, నకిలీలు చేసేవాళ్లు ముందుగా నేర్చుకునేదీ అదే. కొనకండి; మంచి వడ్రంగి చేత ఆ కొలతలతో కొత్తది చేయించుకోండి.

ప్రశ్న: సుఖ్నా సరస్సు పూడిపోతోందంటారు. ఎందుకు? ఆపడం ఎలా?

1958లో వానాకాలపు వాగు సుఖ్నా చోకు ఆనకట్ట వేసి దీన్ని చేశారు. శివాలిక్ కొండల మట్టి పట్టుతప్పిన మెత్తని మట్టి. గొడ్లు గడ్డి మేసి నేల బోసిపోతే ప్రతి వానకూ కొండ కరిగి వాగులోకి వస్తుంది. నిలిచిన నీటిలో వేగం తగ్గగానే మట్టి అడుగుకు దిగుతుంది. పూడిక తవ్వడం ఏటేటా చెయ్యాల్సిన పని అయింది.

అసలు మందు ఎగువన దొరికింది. 1970ల్లో మట్టి సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా బృందం మట్టి ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటూ సుఖోమాజ్రీ అనే పల్లెకు చేరింది. మేపవద్దని చెబితే గొడ్లకు వేరే మేత లేదు. అందుకని అక్కడే చిన్న మట్టి కట్టలు వేసి, ఆ నీటిని పొలాలకిచ్చారు. భూమి లేని ఇంటికి కూడా నీటిలో సమాన వాటా ఇవ్వడం ఇందులో కీలకం. వాటా ఉన్నవాళ్లు కొండను తామే కాపలా కాశారు. కంచె అక్కర్లేకుండా గడ్డి తిరిగి వచ్చింది, మట్టి రావడం బాగా తగ్గింది. 2020 మార్చిలో హైకోర్టు ఈ సరస్సును జీవమున్న వ్యక్తిగా ప్రకటించింది. దానికి ప్రాణం పోసేది మాత్రం పైనున్న చిన్న కట్టలు, గడ్డి. పరీవాహక ప్రాంతంలో కట్టే ఒక్కో ఇల్లూ ఆ ప్రాణాన్ని తోడేస్తుంది.

ప్రశ్న: సెక్టారు 1 నుంచి 30 వరకు ఉన్న పాత ఇళ్లలో ఒక్కో అంతస్తు విడిగా అమ్ముతామంటున్నారు. కొనవచ్చా?

చాలా జాగ్రత్త. అంతస్తులను విడగొట్టి అమ్మడానికి వీలిచ్చిన 2001 నాటి నియమాలను 2007లో రద్దు చేశారు. ఆ తరవాత ముగ్గురు తలో మూడోవంతు వాటా కొని, తమలో తాము ఒప్పందం రాసుకుని ఒక్కొక్కరూ ఒక్కో అంతస్తులో ఉండటం మొదలైంది. ఒక కుటుంబానికి ఉద్దేశించిన స్థలంలో మూడు అపార్ట్‌మెంట్లు ఇలా వెనక దారిన పుట్టుకొచ్చాయి. 2023 జనవరి 10న సుప్రీం కోర్టు మొదటి దశ సెక్టార్లలో దీన్ని ఆపింది. అంతస్తులు కూడా మూడుకే పరిమితమని చెప్పింది.

మీకు అమ్మేది కాగితం మీద అంతస్తు కాదు, విడదీయని వాటా. బ్యాంకు అప్పు, రేపటి అమ్మకం, ప్లాను అనుమతి అన్నింటికీ అదే అడ్డు. నీళ్లు, మురుగు, పార్కింగు ఒక ఇంటికి వేసినవి మూడు ఇళ్లకు చాలవన్నది కూడా గుర్తుంచుకోండి. అయితే ఇళ్ల కొరత నిజం. మొదటి దశను కాపాడితే సరిపోదు, బయట చోటు చూపించాలి. 1952 చట్టంతో నగరం చుట్టూ 5 మైళ్లు, 1962లో 10 మైళ్లు నిర్మాణాలు లేకుండా ఉంచాలనుకున్నారు. 1966 నవంబరు 1న పంజాబు రాష్ట్రం విడిపోగానే ఆ పట్టీ పంజాబు, హర్యానాల మధ్య చీలింది; మొహాలీ, పంచకులా అందులోనే పెరిగాయి. ఈ మూడు ఊళ్లకూ కలిపి ఒకే రవాణా, ఒకే గృహ ప్రణాళిక లేకపోతే పాత సెక్టార్ల మీద ఒత్తిడి తగ్గదు.

ప్రశ్న: ఒక్క రోజే ఉంది. ఏం చూడమంటారు?

కాపిటల్ కాంప్లెక్స్‌కు గైడుతోనే పంపుతారు, రోజులో కొన్ని వేళలకే. అసలు గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. 2016 జులైలో యునెస్కో జాబితాకెక్కిన చోటు ఇది. శాసనసభ ముఖం ఆగ్నేయానికి ఉంది, పొద్దున వెలుగు దాని మీద పడుతుంది; దానికి ఎదురుగా ఉన్న హైకోర్టుకు సాయంత్రం వెలుగు. కాబట్టి పొద్దుటి విడతకు వెళ్తే శాసనసభను, చివరి విడతకు వెళ్తే హైకోర్టు రంగుల స్తంభాలను బాగా చూస్తారు. మధ్యాహ్నం సెక్టారు 22లో వీ-4 వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవండి, ఆ తరవాత వీ-7 పచ్చపట్టీ పట్టుకుని ఉత్తరంగా సెక్టారు 17 వైపు రండి. మధ్యలో దాటవలసిన వేగపు రోడ్డు ఒక్కటే. ఆ దాటే చోట ఎంతసేపు ఆగవలసి వచ్చిందో గడియారం చూసుకోండి.